ఉత్తరపు గాలికి పరిచిన పడుగు

షారన్ మా ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఇంట్లో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పుష్యమాసం. బెజవాడలో కిటికీలు బార్లా తెరుచుకుని హాయిగా ఊపిరి పీల్చుకోగలిగేది ఆ కాసిన్ని రోజులే. మేముండేది గవర్నర్‌పేటలో ఒక పాత మేడ మీది వాటాలో. కింద అన్నీ టోకు కొట్లు. పొద్దెక్కితే ఆటోల రొద, మూటలు దించేవాళ్ళ కేకలు తప్ప మరేమీ వినపడవు. అందుకని తెల్లవారే వేళ వచ్చే చల్లగాలిని నేను ఒక్కరోజు కూడా వదులుకోను. "ఎవరండీ కిటికీలు మూసింది?" అనుకుంటూ హాల్లోకి వచ్చాను. మావారు కాఫీ గ్లాసు ఒలికిపోకుండా రెండు చేతులతో పట్టుకుని, నవ్వు ఆపుకోలేక కుర్చీలో మెలికలు తిరుగుతున్నారు. షారన్ ఆఖరి కిటికీకి గడియ పెడుతోంది.

"గాలి ఉత్తరం నుంచి వస్తోందని శామ్ చెప్పాడు" అంది నావైపు తిరిగి, ఎంతో బాధ్యతగా. ఆమెకి శామ్ అంటే మావారే.

నాకూ నవ్వు ఆగలేదు. పడీ పడీ నవ్వుతూ అక్కడే నేలమీద చతికిలబడ్డాను. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అప్పుడు సంగతి గుర్తొచ్చి, తల మీద చెయ్యి పెట్టుకుని తనూ నవ్వడం మొదలుపెట్టింది. ఈ వయసులో ముగ్గురం అట్లా నవ్వుతుంటే పక్కవాటా టీచరమ్మగారు ఏం జరిగిందోనని తలుపు తట్టారు.

షారన్ ఆస్ట్రేలియాలో మా పక్కింటామె. నా ఈడుదే. బడిపిల్లల బస్సు నడిపేది. మావారు పనిలోంచి రిటైరయ్యాక మేము బెజవాడ వచ్చేశాం. ఆమె కూడా బస్సు నడపడం మానేసి, ఒక్కతే ఉండి విసుగు పుట్టి, మమ్మల్ని చూసి కొద్ది రోజులు ఉండి వెళ్దామని వచ్చింది. వస్తూ వస్తూ విమానంలో ఒళ్ళో పెట్టుకుని ఒక పొడవాటి మూట తెచ్చింది. దానికి చుట్టిన గళ్ళ తువాలు చూడగానే గుర్తుపట్టాను. అడుగడుక్కీ ముడులున్న తువాలు అది. నేను నేసిందే. మూటలో ఉన్నదేమిటో తర్వాత చెబుతాను. ఆ తువాలూ, ఆ మూసిన కిటికీలూ చూశాక ఆ మొదటి ఏడాది అంతా కళ్ళ ముందు కదిలింది. "రాసి పెట్టండి నాగమణిగారూ, మీకు రాయడం వచ్చుగా ఇప్పుడు" అన్నారు టీచరమ్మగారు. యాభై దాటాక నా చేత అక్షరాలు దిద్దించింది ఆవిడే. కాబట్టి ఇందులో తప్పులుంటే వాటిలో ఆవిడకీ వాటా ఉంది.

మా పుట్టింటి ఊరికి వెళ్ళాలంటే హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారాలి. మా వీధి వీధంతా నేతపని వాళ్ళమే. పొద్దున్నే అందరికంటే ముందు లేచేది మా నాన్న. లేవగానే మొహమైనా కడుక్కోకుండా వీధిలోకి వెళ్ళి, చూపుడు వేలు నోట్లో తడిపి పైకెత్తి నిలబడేవాడు. వేలికి ఏ పక్క చల్లగా తగిలితే గాలి ఆ పక్క నుంచి వస్తున్నట్టు. పుష్యమాసం వచ్చాక ఒకరోజు "ఉత్తరం తిరిగిందే అమ్మాయ్! గంజి దించమను మీ అమ్మని!" అని వీధి చివరిదాకా వినపడేలా కేక పెట్టేవాడు. ఆ కేకతో వీధంతా లేచేది.

బట్టలో నిలువుగా ఉండే పోగులన్నీ కలిపి పడుగు అంటాం. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడవునా బిగించి పరిచి, బియ్యపు గంజి పట్టించి, ఇద్దరు చెరో పక్కన వెడల్పాటి కుంచెలతో దువ్వుకుంటూ నడవాలి. గంజి నెమ్మదిగా ఆరాలి. ఆరేలోపల ఏ పోగుకి ఆ పోగు విడివడాలి. త్వరగా ఆరిందా, అంతా అతుక్కుపోయి సేమ్యా కట్టలాగా తయారవుతుంది. అందుకే మాకు పుష్యమాసపు ఉత్తరపు గాలి అంటే అంత ఇష్టం. మంచు తడి నింపుకుని మెల్లగా వీచేది. అమ్మ నూకలు మెత్తగా ఉడికించి, వడకట్టి, అందులో వేరుశనగ నూనె కాస్త కలిపేది. వేడి గంజి, నూనె, తడిసిన నూలు, ఈ మూడు వాసనలు కలిస్తే నాకు పుట్టిల్లు. నాన్న గంజిని వేలితో తీసుకుని నాలిక మీద రాసుకుని చూసేవాడు. "కూర కాదయ్యా అది, ఉప్పు చూడ్డానికి" అని అమ్మ రోజూ అనేది. ఆయన రోజూ చూసేవాడు. ఎవరి పడుగు పరిచినా ఎవర్నీ పిలిచేపని లేదు. పళ్ళు తోముకుంటున్నవాళ్ళు కూడా వేపపుల్ల నోట్లో పెట్టుకునే వచ్చి ఓ చెయ్యి వేసేవాళ్ళు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. మగ్గం మీద దువ్వెన లాంటి చట్రం ఒకటి ఉంటుంది, అచ్చు అంటాం. పడుగు పోగులు దాని పళ్ళ సందుల్లోంచి వస్తాయి. బట్ట నేయడం పూర్తయ్యాక కూడా అచ్చులోంచి పోగుల్ని పూర్తిగా లాగెయ్యరు. జానెడు కొసలు వదిలి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే ఆ కొసలకి మెలిపెట్టి అతుకుతారు. అట్లా మా నాన్న మగ్గం మీది పడుగు, వాళ్ళ నాన్న వదిలిన కొసలకి అతికిందే. సగం నేసిన పడుగు మగ్గం మీద ఉండగా మా ఇంట్లో ఎవరూ ఊరు దాటేవారు కాదు. నా పెళ్ళి కూడా పడుగు దిగాకే పెట్టుకున్నారు. "పెళ్ళికొడుకు ఆగుతాడు, పడుగు ఆగదు" అన్నాడట నాన్న మధ్యవర్తితో.

ఆ పెళ్ళికొడుకు సాంబశివరావుగారు. నేతపని వాళ్ళ పిల్లాడే గానీ మగ్గం ముట్టలేదు. ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారయ్యే చోట కాంట్రాక్టరు కింద వెల్డింగు పని చేసేవారు. పని ఉంటే పిలుస్తారు, లేకపోతే లేదు. పెళ్ళయిన కొన్నేళ్ళకి తెలిసినవాళ్ళ ద్వారా ఆస్ట్రేలియాలో పని దొరికింది. అక్కడా బొగ్గుతో కరెంటు తయారుచేసే చోటే. కానీ అక్కడ ఆయనకి సొంత బీరువా ఇచ్చారు, దాని మీదా, తాళంచెవి బిళ్ళ మీదా ఆయన పేరు రాసి ఉంది. ఆ బీరువా తాళంచెవి నాకు చూపించినప్పుడు ఆయన మొహం నాకింకా గుర్తే. నాకు ఆ పేరు చదవడం రాదు. అయినా వేలితో తడిమి చూసి, "బావుందండీ" అన్నాను.

బావుందన్నాను గానీ నాకేమీ బావుండలేదు. ఊరు అందంగానే ఉండేది. రోడ్లు కడిగినట్టుండేవి. పొద్దున ఆయన టిఫిన్ బాక్సు పట్టుకుని వెళ్ళిపోయాక ఇంట్లో గోడలూ నేనూ మిగిలేవాళ్ళం. మాకు పిల్లలు కలగలేదు. మా ఊళ్ళో అయితే రోజుకి నలుగురు ఆ మాట అడిగేవాళ్ళు. ఇక్కడ ఎవరూ అడగరు, అదొక్కటే సుఖం. అన్నం వండుతాను, పెరుగు తోడుపెట్టి గిన్నెకి దుప్పటి కప్పుతాను, ఇల్లు తుడుస్తాను. ఆ తర్వాత చేతులు ఏం చెయ్యాలో తెలియదు. దిండు గలీబుల దారాలు ఊరికే లాగి మెలిపెట్టేదాన్ని. అది ఆయన చూశారు.

సాయంత్రాలు నన్ను ఊరి చివర గట్టు మీదకి తీసుకెళ్ళేవారు. అక్కడ కూర్చుంటే పెద్ద పెద్ద పొగగొట్టాలు కనిపించేవి. "అచ్చం మన ఇబ్రహీంపట్నం లాగే లేదూ?" అనేవారు. పెళ్ళాన్ని పొగగొట్టాలు చూపించి ఓదార్చిన మగాడు ఆయనొక్కరేనేమో. నేను మాట్లాడకపోతే, పొగ ఎటు పోతోందో చూసి గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పేవారు. ఒకరోజు ఆ గట్టు మీదే ఏడ్చేశాను.

"వచ్చే ఉగాది దాకా చూద్దామే" అన్నారు. "అప్పటికీ నీకు ఇక్కడ మనసు నిలవకపోతే నేనూ వచ్చేస్తా. ఇబ్రహీంపట్నం ఎక్కడికీ పోదుగా."

"మరి మీ బీరువా?" అన్నాను.

"బీరువాదేముంది, వేరేవాడి పేరు రాసుకుంటారు" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు చూశాక ఉగాది గురించి మళ్ళీ ఎత్తాలంటే భయం వేసింది. ఆయన కూడా ఎత్తలేదు. కానీ నేను లోపల రోజులు లెక్కపెడుతూనే ఉన్నాను. ఉగాది వస్తే వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే ఈయన మళ్ళీ కాంట్రాక్టరు పిలుపు కోసం గుమ్మంలో కూర్చోవాలి. ఈ రెండూ ఒకేసారి మనసులో తిరిగేవి.

ఆ తర్వాత ఆయన సెలవు రోజుల్లో గారేజీలో చేరి ఏదో కొడుతూ ఉండేవారు. ఏమిటంటే చెప్పేవారు కాదు. ఒకరోజు పిలిచి చూపించారు. పారేసిన చెక్కలూ ఇనుప గొట్టాలూ కలిపి చేసిన మగ్గం. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట తవ్వడానికి సిమెంటు నేల ఒప్పుకోదు కాబట్టి ఎత్తు మీద కూర్చుని నేసేలా కట్టారు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ తాత మగ్గాన్ని చూసిన గుర్తు మీద చేశారు. పొడవాటి చెక్క పొట్టిగా, పొట్టి చెక్క పొడవుగా ఉంది. బల్ల మీద కూర్చుంటే కింది గొట్టం నా మోకాలికి ఠంగుమని తగిలింది.

"ఎట్లా ఉంది?" అన్నారు.

"ఇది మగ్గమా, మంచమా?" అన్నాను. కానీ మూడు రోజులపాటు ఇద్దరం దాన్ని విప్పి మళ్ళీ బిగించాం. అచ్చూ, నాన్న వాడిన నాడె నా దగ్గరే ఉన్నాయి. నాడె అంటే అడ్డపోగుని అటూ ఇటూ తీసుకెళ్ళేది. వచ్చేటప్పుడు చీరల మడతల్లో పెట్టి తెచ్చుకున్నాను. విమానాశ్రయంలో ఒకాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, వాసన చూసి, చివరికి నా మొహం చూసి ఇచ్చేశాడు. నూలు మా తమ్ముడు పార్సిల్ చేశాడు. పెరటి కంచె పొడవునా మేకులు కొట్టుకుని, నూలుకండె చేత్తో పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ పడుగు పోశాను. అవతలి పక్కింటి రే అనే పెద్దాయన, బొగ్గుగనిలో పనిచేసి మానేసినాయన, గులాబీలకి నీళ్ళు పెడుతూ కంచె మీంచి చూస్తుండేవాడు. నాలుగో రోజున మావారిని ఆపి, "మీ ఆవిడ ఆరోగ్యం బాగానే ఉందా?" అని అడిగాడట. "బాగుంది. నడుస్తోంది" అన్నారట ఈయన.

పడుగు సిద్ధమైంది. పుష్యమాసం రానే వచ్చింది. అక్కడ ఎండలు మండిపోతున్నాయని నాకు తెలియక కాదు. ఒళ్ళు తెలుసుకుంటూనే ఉంది. కానీ పడుగు పని విషయంలో నా బుర్ర మా వీధిలోనే ఉండిపోయింది. పుష్యం అంటే గంజి మాసం, అంతే. మా ఇంటికీ షారన్ ఇంటికీ వెనకగా ఒక సందు ఉండేది, రెండు కొసలా తెరిచి, పొడవుగా, కార్లు పెద్దగా రాకుండా. అది చూసినప్పటి నుంచీ నా కన్ను దాని మీదే ఉంది. ఇక గాలి తిరగడమే తరువాయి.

ఒకరోజు సాయంత్రం రే మావారితో కంచె మీంచి, "రేపు ఉత్తరపు గాలి. జాగ్రత్త" అన్నాడు. ఈయన మొహం వెలిగిపోయింది. "థాంక్యూ! వెరీ గుడ్!" అని అతని చెయ్యి పట్టుకుని ఊపేశారు. రే అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. ఈయన లోపలికి పరిగెత్తుకొచ్చి, "ఉత్తరం తిరుగుతోందటే!" అని కేక పెట్టారు, అచ్చం మా నాన్నలాగే. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ రాత్రే బియ్యం నానబోశాను.

తెల్లవారకముందే సందులో పడుగు పరిచాం. కరెంటు స్తంభానికి ఒక కొస, షారన్ వాళ్ళ గేటుకి ఒక కొస. నేను వేలు తడిపి పైకెత్తాను. ఉత్తరం పక్క చల్లగా తగిలింది. తడి వేలికి ఏ గాలైనా చల్లగానే తగులుతుందని అప్పుడు తట్టలేదు. ఆయన గంజి వేలితో తీసి నాలిక మీద రాసుకున్నారు. "ఉప్పు తక్కువైందే" అన్నారు. అమ్మ గుర్తొచ్చి నవ్వాను. గంజి వాసన, నీలగిరి ఆకుల వాసన కలిశాయి. కుంచెలు పట్టుకుని చెరో పక్కన నడవడం మొదలుపెట్టాం. ఎన్నాళ్ళకో నా చేతులు నావి అయ్యాయి.

ఎండ పొడ పడిందో లేదో, గాలి ఊపందుకుంది. ఆకులు గలగలలాడాయి. పొయ్యి మూత తీసినట్టు మొహానికి సెగ తగిలింది. నా కుంచె ముందుకు సాగడం లేదు. చూస్తే వెనక దువ్విన చోట అప్పుడే పోగులు బిర్రబిగిసి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి.

"ఏమండీ, ఇది ఉత్తరపు గాలేనా?"

"ఉత్తరమేనే. అదుగో, పొగ చూడు, దక్షిణానికి పోతోంది."

"మరి ఇట్లా కాలుతోందేంటండీ?"

ఆయన కుంచె గాల్లో ఆగిపోయింది. "నాగమణీ" అన్నారు నెమ్మదిగా, "ఇక్కడ ఉత్తరాన ఎడారి ఉందే..."

చుట్టూ చూస్తే ఇళ్ళ కిటికీలన్నీ అప్పటికే మూసి ఉన్నాయి. నేను సందులోనే కూలబడిపోయాను. మా నాన్న కేక, అమ్మ గంజి, నేను మోసుకొచ్చిన విద్య, అన్నీ ఆ గాలికి కళ్ళ ముందే ఎండిపోతున్నాయి. "వదిలెయ్యండి" అన్నాను. "ఈ ఊళ్ళో గాలి కూడా మనది కాదు. ఉగాది దాకా ఎందుకు, రేపే టిక్కెట్లు చూడండి."

ఆయన రెండు కుంచెలూ తీసుకుని ఒక్కరే దువ్వడం మొదలుపెట్టారు. ఇటు నాలుగు సార్లు దువ్వి, పడుగు కింద నుంచి దూరి అటు వెళ్ళి నాలుగు సార్లు దువ్వి, మళ్ళీ ఇటు. చెమటలు కారిపోతున్నాయి.

అప్పుడు షారన్ గేటు తెరవబోయింది. గేటుకి మా పడుగు కట్టి ఉందిగా, తెరుచుకోలేదు. బడికి సెలవులు కాబట్టి ఇంకా రాత్రి గౌనులోనే ఉంది. గేటు మీంచి తల పెట్టి, సందులో కూర్చుని ఏడుస్తున్న నన్నూ, గెంతుతున్న ఈయన్నీ చూసి, "ఏమైంది?" అని అడిగింది. ఈయనకి వచ్చిన ఇంగ్లీషు కూడా ఆ క్షణాన మాయమైంది. "తడి! తడి కావాలి! ఎండ వద్దు! గాలి వద్దు!" అన్నారు. ఆమె లోపలికి వెళ్ళి పరుపుల మీది దుప్పట్లన్నీ స్నానాల తొట్టిలో ముంచి, నీళ్ళోడుతూ చంకన పెట్టుకుని గేటు ఎక్కి దూకింది. ఒక దుప్పటి కొస నా చేతిలో పెట్టి, పట్టుకో అన్నట్టు తల ఊపింది. పడుగుకి ఎండ తగలకుండా పందిరిలా పట్టుకున్నాం.

రే వీపున నీళ్ళ పంపు తగిలించుకుని వచ్చాడు. మా పొలాల్లో పురుగుమందు కొట్టేవాళ్ళు వీపున వేసుకునే డబ్బా లాంటిదే. "ఆ డబ్బాలో మందేమైనా ఉందేమో అడగండి!" అని అరిచాను. ఈయన అడిగితే, రే గొట్టం తన మొహం వైపే తిప్పుకుని కొట్టుకున్నాడు. బొగ్గుగనిలో నల్లబడిన ఆ మొహమంతా నీళ్ళు కారుతుంటే, చాలా అన్నట్టు చూశాడు. తర్వాత పడుగు మీద మంచులాగా సన్నగా చల్లుకుంటూ నడిచాడు. పుష్యమాసపు మంచు అదే నాకు.

ఇంతలో సందు ఉత్తరం కొసన చెత్తబండి వచ్చి ఆగి హారన్ కొట్టింది. ఆ రోజు చెత్త తీసుకెళ్ళే రోజు. డ్రైవరు దిగి వచ్చి, పరిచిన నూలునీ, తడి దుప్పట్లనీ, మొహం తడిసిన రేనీ చూశాడు. షారన్ చేతులు తిప్పుతూ అతనికేదో గట్టిగా చెప్పింది. అతను తల గోక్కుంటూ వెనక్కి వెళ్ళి, బండిని సందు మొగలో అడ్డంగా నిలబెట్టాడు. గాలి ఆగిపోయింది, తలుపు వేసినట్టు. అతను మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు. గంజి వాసన, నీలగిరి వాసనల్లో చెత్తబండి వాసన కూడా కలిసింది. అబద్ధమెందుకు, ఇప్పటికీ మా సందులోకి చెత్తబండి వస్తే నాకు ముక్కు మూసుకోవాలనిపించదు.

చూస్తే మావారు కుంచె ఎదురు దువ్వుతున్నారు. "ఏమండీ, అట్లా కాదు, పోగులు లేచిపోతాయి! ఇటివ్వండి!" అని దుప్పటి ఆయన చేతికిచ్చి కుంచె లాక్కున్నాను. తన దుప్పటి కొస కంచెకి తగిలించి, అటుపక్క కుంచె షారన్ అందుకుంది. నేను ఎట్లా దువ్వితే అట్లా, నేను అడుగేస్తే తనూ అడుగేస్తూ. అప్పుడు తట్టింది నాకు. వీళ్ళలో ఎవర్నీ నేను పిలవలేదు.

ఒక కొస దక్కలేదు. అక్కడి పోగులు తెగినవి తెగగా, అతుక్కున్నవి అతుక్కోగా, మగ్గం ఎక్కించాక అడుగడుక్కీ అతకాల్సి వచ్చింది. ఆ అతకడం షారన్ నేర్చుకుంది. బడిబస్సు దిగి తిన్నగా గారేజీలోకి వచ్చేది. రెండు పోగుల కొసలు కలిపి, వేలికి గంజి తడి అద్దుకుని, బొటనవేలితో ఒక్క మెలి. మొదట్లో పది అతికితే తొమ్మిది ఊడేవి. "నీ వేళ్ళు స్టీరింగు పట్టుకోవడానికే పనికొస్తాయి" అని నేను తెలుగులో తిట్టేదాన్ని. తను ఇంగ్లీషులో ఏదో తిట్టుకునేది. మా ఇద్దరికీ భాష రాకపోవడం వల్ల ఎప్పుడూ గొడవ రాలేదు.

ఉగాది వచ్చింది. వేపపువ్వు దొరక్క మెంతులు వేసి పచ్చడి చేశాను. గారేజీలో షారన్ పోగులు అతుకుతోంది, నేను నేస్తున్నాను. ఈయన పచ్చడి గిన్నె పట్టుకుని వచ్చి మగ్గం పక్కన నిలబడ్డారు. అంతకుముందు రోజు అటక మీది సూట్‌కేసు దించి దుమ్ము తుడిచి పెట్టడం నేను చూశాను. ఇచ్చిన మాట ఆయన మర్చిపోలేదు.

"మరి... ఏమంటావ్?" అన్నారు, నావైపు చూడకుండా పచ్చడిలోకి చూస్తూ.

"పడుగు సగంలో ఉంది. ఎక్కడికి వెళ్తానండీ?" అన్నాను.

ఆయన ఆ గిన్నెడు పచ్చడీ అక్కడే నిలబడి తినేశారు, మెంతులతో సహా. ఏమన్నావని షారన్ అడిగింది. ఈయన ఇంగ్లీషులో చెప్పబోతే వద్దని, ఆ తెలుగు మాటే మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నేర్చుకుంది. ఆ తర్వాత ఎవరైనా మధ్యలో వచ్చి పిలిస్తే అదే మాట అనేది. ఆమె ఇంటికి వచ్చిన కరెంటు మీటరువాడితో కూడా అంది. ఆ పడుగు దిగేసరికి కంచె మీద రెండోది నడుస్తోంది. మొదటిదాని కొసలకి దాన్ని అతికాం. నేసిన తువాళ్ళు సందులో ఇంటికొకటి ఇచ్చాం, చెత్తబండి డ్రైవరుకి కూడా. పాతికేళ్ళ పైన ఉన్నాం అక్కడ.

వచ్చేసేటప్పుడు మగ్గం షారన్‌కి వదిలేశాను. ఇక్కడికి వచ్చాక మళ్ళీ నేయలేదు. ఎక్కడ నేస్తాం? మా పుట్టింటి వీధిలో ఇప్పుడు గంజి పెట్టేవాళ్ళు లేరు. గంజి పట్టించిన పడుగులు తయారుగా వచ్చేస్తాయి. వీధి నిండా బళ్ళు నిలిపి ఉంటాయి. ఆ రోజుల్లో నాన్న కేకతో లేచిన వీధి ఇప్పుడు ఫోను అలారాలతో ఎవరికి వాళ్ళుగా లేస్తోంది. దానికి బాధపడను. నాన్న నడుము నొప్పి నాకు తెలుసు. కానీ వేలు తడిపి పైకెత్తేవాళ్ళు లేరే అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇక మూట సంగతి. ఆ తువాలు విప్పితే లోపల అచ్చు ఉంది, దాని పళ్ళ నిండా జానెడు కొసలతో. నేను వచ్చేశాక షారన్ నేసిన ఆఖరి పడుగు కొసలవి. దాన్ని నా ఆఖరి పడుగుకి అతికింది, అది దానికి ముందుదానికి, అట్లా వెనక్కి పోతే ఆ సందులో తడి దుప్పట్ల కింద ఆరిన పడుగు దాకా. కొసలు చెదరకుండా వాటిని దువ్వి, తువాల్లో చుట్టి తెచ్చింది. ఎందుకు తెచ్చావని అడగలేదు. తమ్ముడి ఇంటి అటక మీదున్న మగ్గం కర్రలు తెప్పించాం. డాబా మీద ఈ మూల నుంచి ఆ మూలకి పడుగు పరిచాం. తెల్లవారుజామున ఉత్తరపు గాలి చల్లగా, మంచుగా వీస్తుంటే షారన్ స్వెట్టరు వేసుకుని వణుకుతూ కుంచె పట్టుకుంది. "ఇదా మీ ఉత్తరపు గాలి?" అంది పళ్ళు టకటకలాడిస్తూ. టీచరమ్మగారు పళ్ళు తోముకుంటూ పైకి వచ్చి, బ్రష్షు నోట్లోనే పెట్టుకుని ఒక కొస పట్టుకున్నారు. కింద కొట్లోంచి ఇద్దరు మూటలు మోసేవాళ్ళు ఏమిటా అని పైకి వచ్చి, వెళ్ళలేదు. ఎవర్నీ పిలవలేదు.

ఆ పడుగుని షారన్ తెచ్చిన కొసలకే అతికి మగ్గం ఎక్కించాం. నిన్న మధ్యాహ్నం నేనూ షారనూ వరండాలో మగ్గం దగ్గర కూర్చున్నాం. నేను నేస్తున్నాను, తను తెగిన పోగులు అతుకుతోంది. ఇప్పుడు పదికి పది నిలుస్తున్నాయి. మావారు ఫోనులో ఏదో చూసుకుంటూ వచ్చి, "షారన్, నీ ఫ్లైటు వచ్చే వారమేగా? హైదరాబాదుకి కారు మాట్లాడమంటావా?" అని అడిగారు.

షారన్ తలెత్తలేదు. వేలికి గంజి తడి అద్దుకుని, పోగుకి మెలి పెట్టి, అది నిలిచిందో లేదో కొద్దిగా లాగి చూసుకుంది.

"పడుగు సగంలో ఉంది" అంది తెలుగులో. "ఎక్కడికి వెళ్తానండీ?"